బృందగానానికి నేను టైపు చేసిన అగ్రిమెంటు

అబూదబీలో ఉన్న రోజుల్లో నేను ఒక యువ బృందగానానికి దర్శకుణ్ణి. ఈ మాట పైకి అంటే ఇప్పటికీ మా ఆవిడ చేస్తున్న పని ఆపి నా వైపు చూస్తుంది. అందుకని ఆమె ఇంట్లో లేని పూట చూసుకుని ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. నేనొక కట్టడాల కంపెనీ ఆఫీసులో టైపిస్టుని. కొత్తగా దిగిన కూలీలకు అగ్రిమెంట్లు టైపు చేయడం, వాళ్ల పాస్‌పోర్టులు తీసుకుని నా కుర్చీ వెనక ఇనప బీరువాలో వరస నంబర్ల ప్రకారం సర్దడం నా పని. ఊళ్లో తెలుగువాళ్లం కొద్దిమందిమి కలిసి ఓ సంఘం పెట్టుకున్నాం. దాని అధ్యక్షులు ఒక ఇంజనీరు. ఉగాదికి ఏం చేద్దామని వాళ్లింట్లో ఓ శుక్రవారం అందరం కూర్చున్నాం. నాటకం కుదిరింది, డాన్సు కుదిరింది.

“మన కుర్రకారు చేత ఒక బృందగానం పాడిస్తే నిండుగా ఉంటుంది. సంగీతం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అన్నారు అధ్యక్షులు.

కాలేజీ రోజుల్లో నేను రేడియోలో పాడానని అప్పటికే చాలామందికి చెప్పి ఉన్నాను. అబద్ధం కాదు. ఇరవై మంది కలిసి పాడిన పాటలో నేనూ ఉన్నాను. మొదటి రిహార్సల్లో ముందు వరసలో నిలబెట్టిన మేష్టారు, రెండో దానికి నన్ను వెనక వరసలోకి పంపారు, రికార్డింగు రోజున తలుపు దగ్గరికి పంపారు. “నీ గొంతు గట్టిది నాయనా, కాస్త దూరం నుంచి పాడు” అన్నారు. ఈ చివరి భాగం నేను అబూదబీలో ఎవరికీ చెప్పలేదు.

“రేడియో ఆర్టిస్టును పక్కన పెట్టుకుని ఎక్కడెక్కడో వెతుకుతున్నామే!” అన్నారు అధ్యక్షులు.

నేను వద్దన్నాను. మళ్లీ వద్దన్నాను. మూడోసారి వద్దనే లోపల చప్పట్లు కొట్టేశారు. రెండోసారి వద్దన్నప్పుడు నా మాట నాకే వినపడనంత మెల్లగా ఉందని మా ఆవిడ ఇంటికొచ్చాక చెప్పింది.

ఉగాదికి పది వారాలుంది. ఊళ్లో కాపురాలున్న వాళ్ల పిల్లలు అయిదుగురు దొరికారు, అందరూ హైస్కూలు వాళ్లే. వాళ్లలో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉండేది. ఆ పిల్లకు ఏ కాగితం కనిపించినా చివరిదాకా చదివే అలవాటు. అయిదుగురు చాలరు. మఫ్రఖ్ దగ్గర మా కంపెనీ లేబర్ క్యాంపులో కరీంనగర్, నిజామాబాద్ వైపు కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. క్యాంపు చూసుకునే ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి, పాట వచ్చిన తెలుగు కుర్రాళ్లను ఓ ఆరుగురిని శుక్రవారం ఆఫీసుకు పంపమన్నాను. సరిగ్గా ఆరుగురు వచ్చారు. అందరూ ఇరవై, ఇరవై ఒకటి వయసు వాళ్లు. మా ఆఫీసు వ్యాను డ్రైవరు తీసుకొచ్చాడు. డ్రైవరుది కడప జిల్లా. జుమా నమాజు చదువుకుని, అటునుంచి అటే క్యాంపుకు వెళ్లి వాళ్లను ఎక్కించుకుని వచ్చేవాడు.

మా ముదీర్‌ను, అంటే మేనేజరును, బతిమాలి ఆఫీసు మీటింగు గది అడిగి పెట్టుకున్నాను. సెలవు రోజు కనుక ఎవరూ ఉండరు. మొదటి శుక్రవారం ఊరి పిల్లలు వచ్చి చక్రాల కుర్చీల్లో కూర్చుని గిరగిరా తిరిగారు. క్యాంపు కుర్రాళ్లు ఆరుగురూ గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. కూర్చోమంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్లీ నిలబడ్డారు. నాకు ఎంత ముచ్చటేసిందో! క్రమశిక్షణ అంటే ఇదీ అని, వాళ్లను చూపించి ఊరి పిల్లలకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. శ్రుతి అంటే ఏమిటో, సమయపాలన అంటే ఏమిటో, దర్శకుడి చెయ్యి లేచినప్పుడు కళ్లు ఎక్కడ ఉండాలో చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది. తరవాత పాట పంచాను. ఆ పాట నేనే రాశాను. తెలుగుతల్లి మీద పదకొండు చరణాలు, చరణానికి రెండు పెద్ద సమాసాలు. ఊరి పిల్లలకు నోరు తిరగలేదు. క్యాంపు కుర్రాళ్లకు నోరు తిరిగిందో లేదో తెలియదు, ఎందుకంటే వాళ్లు నోరు తెరవలేదు. ఆరోజు పాట పాడింది నేనొక్కణ్ణే.

రెండో వారం ఊరి పిల్లలు ఇద్దరే వచ్చారు. క్యాంపు వాళ్లు మాత్రం ఆరుగురూ వచ్చి అదే గోడకు నిలబడ్డారు.

“చూశావా, కష్టం తెలిసిన పిల్లలకు పద్ధతి ఉంటుంది” అన్నాను మా ఆవిడతో ఆ సాయంత్రం.

“పద్ధతి సరే, పాడుతున్నారా?” అంది.

పాడటం లేదు. ఎందుకు పాడటం లేదని రెండు రోజులు ఆలోచించి, ఎవరి నుంచి ఏమి ఆశిస్తున్నామో రాతపూర్వకంగా లేకపోవడమే కారణమని తేల్చుకున్నాను. దర్జీకి ఏ రోగానికైనా కుట్టే గుర్తొచ్చినట్టు నాకు అగ్రిమెంటు గుర్తొచ్చింది. రోజూ పాతిక టైపు చేసేవాణ్ణి, ఒకటి ఎక్కువైతే ఏం? ఆఫీసు స్టెన్సిల్ నకలు ముందు పెట్టుకుని, కంపెనీ లెటర్‌హెడ్ కాగితం మీదే ఇంగ్లీషులో కొట్టాను. మొదటి పార్టీ నేను, రెండో పార్టీ గాయకుడు. ‘పని’ అన్న చోటల్లా ‘పాట’ అని, ‘సైటు’ అన్న చోటల్లా ‘రిహార్సలు’ అని మార్చాను. మొదటి నాలుగు క్లాజులు శ్రద్ధగా మార్చాను. అయిదో దాని దగ్గర ముదీర్ పిలిచాడు. తిరిగొచ్చాక మిగతావి చూడకుండా గబగబా కొట్టేశాను.

ఆ వారం గట్టిగా ఫోన్లు చేసి ఊరి పిల్లల్ని అయిదుగురినీ రప్పించాను. కాగితాలు పంచి, ఇది సంతకం పెడితేనే బృందంలో ఉన్నట్టు అన్నాను. ఊరి పిల్లలు కిలకిల నవ్వుతూ తీసుకున్నారు. పదో తరగతి అమ్మాయి మాత్రం నవ్వకుండా మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. క్యాంపు అన్నయ్యలకు ఇంగ్లీషు రాదు కదా అని, ఒక్కో క్లాజూ తెలుగులో పైకి చెబుతూ పోయింది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

“మూడు నెలలు ప్రొబేషనట. ఉగాది ఏడు వారాల్లోనే కదా అంకుల్? అంటే మేం పర్మనెంటు అవకముందే ఫంక్షన్ అయిపోతుంది.”

“అది… తరవాత మారుస్తాలే అమ్మా.”

“ఏడో క్లాజు. రెండో పార్టీకి తిండి, రవాణా మొదటి పార్టీ ఇవ్వాలి.”

“అది పొరపాటు.”

“పదకొండు. రెండో పార్టీ చనిపోతే…” అని ఆగి, కళ్లు పెద్దవి చేసింది. “అంకుల్, పాడుతూ పాడుతూ మేం చచ్చిపోతే మా బాడీని మీ ఖర్చుతో ఇండియా పంపిస్తారా?”

ఊరి పిల్లలు కుర్చీల్లోంచి కింద పడేలా నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను? గోడ దగ్గర ఆరుగురు నవ్వలేదు. ఒకరి తరవాత ఒకరు వచ్చి, బల్ల మీద వంగి, నేను ఎక్కడ చెయ్యి పెట్టి చూపిస్తే అక్కడ సంతకం పెట్టారు. చివర వచ్చినవాడు పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. జగిత్యాల దగ్గర ఊరు. సంతకం పెట్టి కలం నాకిచ్చి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు.

“సార్, పాస్‌పోర్టయితే మీ బీర్వల్నే ఉన్నది. ఇంకేమన్న ఇయ్యాల్నా?”

నాకు ముందు అర్థం కాలేదు. “ఏమీ ఇవ్వక్కర్లేదు. దీనికీ దానికీ సంబంధం లేదు” అన్నాను.

“మరి పాట సక్కగ రాకుంటె ఇంటికి తోలిస్తరా సార్? నాకు గొంతు మంచిగుండది. ఫోర్‌మన్‌కు గదే చెప్పిన. ఆఫీసు సార్ పిలుస్తున్నడు, డ్యూటీ, నడువు అన్నడు.”

“డ్యూటీయా?”

“డ్యూటీ కాదా సార్?”

గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఆ అమ్మాయి కాగితం బల్ల మీద పెట్టేసింది. నా చెవులు వేడెక్కడం నాకు తెలుస్తూనే ఉంది. వారంలో వాళ్లకున్నది ఒక్క శుక్రవారం. మూడు శుక్రవారాలు వాళ్లను రప్పించి గోడకు నిలబెట్టి, అది క్రమశిక్షణ అని ఊరంతా చెప్పుకున్నాను నేను. ఏదో చెప్పాలి కనుక, “ఇవాళ్టికి చాలు, వెళ్లండి” అన్నాను. “ఖలాస్?” అని అడిగాడు వాళ్లలో ఒకడు. ఖలాస్ అన్నాను. మూడు వారాల్లో వాళ్ల మొహాల్లో వెలుగు చూడటం అదే మొదటిసారి.

డ్రైవరు వాళ్లను దింపి వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్తుంటే, దారిలో అడిగాను, నీకు ఈ సంగతి ముందే తెలుసా అని.

“తెలుసు సార్.”

“మరి చెప్పలేదేం?”

“మీరు మాట్లాడేది ఆపితే కదా సార్ చెప్పేది?” అన్నాడు నెమ్మదిగా. అని, నాకు కోపం వచ్చిందేమోనని ఓసారి పక్కకు చూసి, “నేనూ డ్యూటీ అనుకునే వస్తాండా” అన్నాడు.

ఆ రాత్రి మా ఆవిడతో ఇదంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. “వెళ్లి ఆ కాగితాలు వాళ్లవి వాళ్లకిచ్చేసి రండి. ఉపన్యాసం మాత్రం చెప్పకండి” అంది.

తరవాతి శుక్రవారం పొద్దున్నే డ్రైవరుతో కలిసి మఫ్రఖ్ వెళ్లాను. ఆ క్యాంపులో ఉన్న ప్రతివాడి అగ్రిమెంటూ టైపు చేశాను గానీ, క్యాంపులోకి అడుగు పెట్టడం అదే మొదలు. చెక్క గదుల వరస, మధ్యలో నీళ్ల ట్యాంకరు. సెలవు రోజు కనుక అందరూ బట్టలు ఉతుక్కుంటున్నారు, ఒకరికొకరు జుట్టు కత్తిరించుకుంటున్నారు. నన్ను చూడగానే ఎవడో లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కొచ్చాడు. మంచం మీద దుప్పటి దులిపి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఆరుగురూ చుట్టూ నిలబడ్డారు, మళ్లీ చేతులు కట్టుకుని.

ఉపన్యాసం చెప్పకూడదు కనుక నాకు మాట తోచలేదు. అగ్రిమెంట్లు తీసి వాళ్ల చేతుల్లో పెట్టాను.

“ఇది డ్యూటీ కాదు. నేను చెప్పడంలో తప్పు జరిగింది. రావాలనిపిస్తే రండి. రాకపోతే ఎవరూ ఏమీ అనరు, ఫోర్‌మన్‌తో కూడా చెప్పాను” అన్నాను.

ఆరుగురూ ఒకరి కాగితం ఒకరు చూసుకున్నారు. ఆఖరికి ఒకడు, “నేను రాను సార్. జుమ్మా దినం పండుకుంట” అన్నాడు. అని, ఏమవుతుందోనని నా మొహంలోకి చూశాడు. సరే అన్నాను. ఏమీ జరగకపోయేసరికి ధైర్యం వచ్చి ఇంకో ఇద్దరు రామన్నారు. మిగిలింది ముగ్గురు. జగిత్యాల కుర్రాడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“సార్, గీ కాయిదంల తిండి, బండి మీదే అని ఉన్నదంట గద. ఆ పిల్ల చదివింది.”

“ఉంది. కానీ అది…”

“నిజంగనే తినవెడ్తరా?”

డ్రైవరు అటువైపు తిరిగి దగ్గుతున్నట్టు నవ్వుతున్నాడు. ఆ క్షణంలో పొరపాటని మళ్లీ ఎలా చెప్పను? పెడతానన్నాను.

“అయితె ముగ్గురం వస్తం. పాట సంగతి మాత్రం చెప్పలేం.”

ఇంటికెళ్లి మా ఆవిడకు ఈ ఏర్పాటు చెప్పడం నేను పెట్టుకున్న పనులన్నిటిలోకీ కష్టమైన పని. మాది ఒక గది, ఒక హాలు. “ముగ్గురేనా?” అంది. ముగ్గురే అన్నాను. ఆ మాట ఒక్క వారం నిలిచింది. రిహార్సలు ఇక మా ఇంట్లోనే అని తెలిసి వచ్చిన ఊరి పిల్లలు, అదే అగ్రిమెంటు తామూ సంతకం పెట్టామనీ, ఏడో క్లాజు తమకూ వర్తిస్తుందనీ వాదించారు. ఎనిమిది మంది గాయకులు, డ్రైవరు, మేమిద్దరం. చాప పరిచి, కుక్కరు మూడుసార్లు ఎక్కించి దింపితే గాని అన్నం చాలేది కాదు. తిన్నవాళ్లు తమ కంచం తాము కడుక్కోవాలని మా ఆవిడ ఒక్క నియమం పెట్టింది. నా పద్నాలుగు క్లాజుల్ని ఎవరూ ఖాతరు చేయలేదు గానీ, ఆ ఒక్కటీ ఒక్క వారం కూడా తప్పలేదు.

పాట అసలు మొదలైంది మూడో కుక్కరు కోసం కూర్చున్నప్పుడే. నేను నా పదకొండు చరణాల కాగితం కోసం పక్క గదిలో వెతుకుతున్నాను. హాల్లో జగిత్యాల కుర్రాడు ఊసుపోక ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పదో తరగతి అమ్మాయి అదేమిటని అడిగింది. నాట్లేసేటప్పుడు వాళ్లమ్మ పాడే పాటట. ఒకరు అంటే మిగతావాళ్లు అందుకోవాలట. “అందుకునేటోళ్లు లేరు గద” అన్నాడు. “మేం లేమా?” అంది ఆ పిల్ల. నేను కాగితం పట్టుకుని బయటికి వచ్చేసరికి ఎనిమిది మందీ అందుకుంటున్నారు, డ్రైవరు స్టీలు పళ్లెం బోర్లించి దరువేస్తున్నాడు. జగిత్యాల కుర్రాడు తన గొంతు మంచిది కాదని చెప్పింది నిజమే. ఒక అంచు గరుకుగా ఉండేది. కానీ వాడు అన్నాక ఊరుకోబుద్ధి కాదు, అందుకోబుద్ధి అవుతుంది.

నేనేం చేయాలి? దర్శకుణ్ణి. మధ్యలోకి వెళ్లి తాళం వేశాను.

రెండు పంక్తులు పాడి ఆ అమ్మాయి ఆపేసింది. “అంకుల్, మీరు పరిగెడుతున్నారు.”

“లేదమ్మా, మీరే నిదానిస్తున్నారు.”

“బురదల నడుసుకుంట పాడేది సార్,” అన్నాడు కుర్రాడు బతిమాలుతున్నట్టు, “గంత జల్ది కాలు లేవది.”

నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. తరవాత దాన్ని ఎవరూ అడగలేదు. ఒక్కరైనా అడుగుతారేమోనని నేను నాలుగు వారాలు జేబులోనే ఉంచుకున్నాను.

అప్పటి నుంచి మా మధ్య ఒప్పందాలు వాటంతట అవే కుదిరాయి. నేను అయిదు నిమిషాలకు మించి మాట్లాడకూడదు, డ్రైవరు గడియారం చూసుకుని “యల్లా సార్, ఇక పదండి” అంటాడు. రానివాళ్లు రామని ముందు రోజు చెప్పాలి, ఎందుకని నేను అడగకూడదు. క్యాంపు వాళ్లలో ఒకడికి ఓ శుక్రవారం ఓవర్‌టైం పడింది, కబురు చేశాడు. ఆ కబురు అందినప్పుడు నాకు కలిగిన సంతోషం ఎవరికైనా చెబితే నవ్వుతారు. రాలేనని నాతో చెప్పాడంటే, రావడం ఇక వాడి ఇష్టమే కదా! ఊరి పిల్లలు వాళ్ల దగ్గర నాటు, నారు, మునుం అన్న మాటలు నేర్చుకున్నారు. నాటు అంటే నోట్లో వేలు పెట్టుకున్న పిల్లాడి చేత, చాప మీదే ఒంగబెట్టి అడుగులు వేయించారు. ఒక్క ‘సార్’ అనడం మాత్రం మానిపించలేకపోయాను. అన్నా అనమన్నాను. ముగ్గురూ ప్రయత్నించి, సిగ్గుపడి, ‘సారన్నా’ దగ్గర ఆగారు.

ఉగాది రోజు ఒక బడి హాల్లో ఫంక్షను. మా ఆవిడ ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ తొడుక్కుని, జనానికి వీపు పెట్టి, ఎనిమిది మందికి ఎదురుగా నిలబడ్డాను. చేతులు లేపాను. ఎవరూ నా చేతుల వైపు చూడటం లేదు. అందరి కళ్లూ జగిత్యాల కుర్రాడి మీద ఉన్నాయి. వాడు గడ్డం కొంచెం ఎత్తాడు, పాట మొదలైంది. నా చేతులు ఒక క్షణం ఆలస్యంగా వాళ్ల వెనకాల పడ్డాయి. దింపితే బాగుండదని చివరిదాకా ఊపుతూనే ఉన్నాను. ఉక్కపోసి లాల్చీ తడిసింది. కష్టపడ్డానని జనం అనుకుని ఉంటారు.

మూడో చరణంలో అమ్మాయి ఒంటిగా ఎత్తుకోవలసిన పంక్తి ఒకటుంది. ఆ పంక్తి దగ్గర పిల్ల మొహం తెల్లబోయింది. మాట మరిచిపోయింది. నేను అందివ్వాలి, నాకూ గుర్తు రాలేదు. కుర్రాడు కంగారు పడకుండా, అంతకు ముందు పంక్తినే మళ్లీ అన్నాడు, ఈసారి కాస్త సాగదీసి. మిగతావాళ్లు అందుకున్నారు. ఇంకోసారి అన్నాడు. అప్పటికి పిల్లకు మాట దొరికింది, ఎత్తుకుంది. హాలంతా చప్పట్లు.

దిగి వచ్చాక అధ్యక్షులు నా చెయ్యి పట్టుకుని వదలలేదు. “ఆ ఒక్క లైను మూడుసార్లు తిప్పించారే, అక్కడ ఒళ్లు పులకరించిందండీ. అది మీ ఆలోచనేనా?”

“అవునండీ” అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోటి వెంట వచ్చేసింది. పక్కకు చూస్తే, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కుర్రాడు అక్కడే ఉన్నాడు. విన్నాడు. గ్లాసెత్తి నీళ్లు తాగాడు.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు లంచ్ టైములో అధ్యక్షులకు ఫోన్ చేసి, అది నా ఆలోచన కాదనీ, ఆ అబ్బాయి అప్పటికప్పుడు చేశాడనీ చెప్పాను. “మీ వినయం మీకు అలంకారమండీ” అని ఫోన్ పెట్టేశారు. తరవాతి శుక్రవారం, ఫంక్షను అయిపోయినా ఆగని మా భోజనాల దగ్గర అందరి ముందూ కుర్రాడికే చెప్పాను, నీ పేరు చెప్పవలసిన చోట నా పేరు చెప్పుకున్నానని.

వాడు ముద్ద మింగి, “పోనీ సారన్నా” అన్నాడు. “నువ్వు గంతసేపు చేతులు ఊపినవు గద. గది తక్వ పనా?”

అందరికంటే పెద్దగా నవ్వింది మా ఆవిడ. ఆ నవ్వులో ఉండగానే తలుపు చప్పుడైంది. వెళ్లి తీస్తే, ఆ రోజు క్యాంపులో రామని చెప్పిన ముగ్గురూ మెట్ల మీద నిలబడి ఉన్నారు, తల దువ్వుకుని, చెప్పులు అప్పటికే విప్పేసి.

“పాడనీకి రాలె సార్,” అన్నాడు ముందున్నవాడు. “భోజనం మంచిగుంటదని వీళ్లు చెప్పిన్రు.”

మా ఆవిడ నాలుగోసారి కుక్కరు ఎక్కించింది. ముగ్గురూ తిన్నారు, తమ కంచాలు తాము కడిగారు. తరవాత ఇద్దరు గోడకు చేరగిలబడి కూర్చుని పాట విన్నారు. శుక్రవారం పడుకుంటానన్నవాడు చాప చివర నడుం వాల్చి, పాట సగంలో ఉండగానే గుర్రు పెట్టాడు. నేను లేపలేదు.